ఆదోని పులికి జోడీ దొరకలేదు

నేను రిటైరైనాను. వయసు అడగొద్దు, ముప్పై ఇంకా నిండలేదు. అందరూ తల నెరిసినాక రిటైరవుతారు, దండలేస్తారు, ఫోటో తీస్తారు. నా విషయంలో బ్యాటరీతో పలికే మైకు ఒకటి ఆదోనికి వచ్చింది, ఆ సాయంత్రమే నేను రిటైరైనాను. దండ ఎవరూ వెయ్యలేదు. నా రేకు గొట్టం మాత్రం ఖాళీగా లేదు. బసప్పసెట్టిగారి కొట్లో ఆముదం పోసే గరాటుగా ఉద్యోగం చేస్తాంది. మా ఇద్దరిలో దానికే మంచి చోటు దొరికింది.

ఇప్పుడు మైకు పట్టుకొని ఈ పనిలోకి దిగే పిల్లకాయలు నన్ను అడుగుతాండారు: "మద్దిలేటన్నా, నాలుగు మంచి మాటలు చెప్పు, కుస్తీల్లో కేకేసుకుంటాం" అని. మాటలైతే నా దగ్గర మూటలకొద్దీ ఉండాయి. ధైర్యం గురించి, సాహసం గురించి నేను అరిచినన్ని మాటలు ఈ తాలూకాలో ఎవడూ అరిచి ఉండడు. నేను మాత్రం కుక్క మొరిగితే సందు మారి పోయే మనిషిని. ఈ పనికి అది అడ్డం కాదు. ధైర్యం ఉన్నోడు గోదాలోకి దిగుతాడు, లేనోడు పక్కన నిలబడి అరుస్తాడు. అరిచేది నేను.

పని ఏమంటే

పత్తి కాలం అయిపోయినాక, మిల్లుల్లో చప్పుడు తగ్గినాక, ఆదోనిలో కుస్తీలు పెడతారు. పెట్టేది బసప్పసెట్టిగారు. పత్తి వ్యాపారి. ఆయన జన్మలో ఎవరినీ తొయ్యలేదు, ఎవరి చేతా తొయ్యించుకోలేదు. అయినా కుస్తీ అంటే ప్రాణం. ముందు వరసలో కుర్చీ వేసుకొని, రుమాలు నోట్లో పెట్టుకొని, రెండు పక్షాల తరఫునా తనే చెమటలు కారుస్తాడు.

కుస్తీలకు ముందు ఊరూరూ తిరిగి చాటాల. బండి సెట్టిగారిది, గొట్టం నాది, తప్పెట దావీదన్నది. దావీదన్న నాకంటే చాలా పెద్దవాడు. ఆదివారం చర్చిలో తప్పెట, మిగతా రోజులు మా బండిలో తప్పెట. మాట తక్కువ. ఆయన తప్పెట ఆపి ఒక మాట అన్నాడంటే, నా ఉపన్యాసమంతా గాలికి పోయినట్టే.

మేము ఎమ్మిగనూరు, దేవనకొండ, ఆస్పరి, మధ్యలో పల్లెలు తిరిగి వస్తాం. మేము తిరిగి వచ్చేసరికి ఆ ఊర్ల మొనగాళ్ళంతా తొడలు చరుచుకుంటా బయల్దేరాల. అదీ పని. ఇంతే.

మాటలు, వాటి ధర

ఇప్పుడు సరుకు గురించి చెప్తా. శ్రద్ధగా వినండి, ఇది ఏ బళ్ళోనూ చెప్పరు.

అన్నిటికంటే చవకది "పులి." గోదాలో దిగిన ప్రతివాడూ పులే. ఒక ఏడాది ఆదోని పులి, ఎమ్మిగనూరు పులి, దేవనకొండ పులి, కోసిగి పులి, ఇంకా పేరు తెలీని ఊరి పులి ఒకటి వచ్చినాయి. దావీదన్న తప్పెట ఆపి, "వానల్లేని సీమలో ఇన్ని పులులు ఏం తిని బతుకుతాండాయప్పా?" అన్నాడు. ఆ పూట పులి అన్నప్పుడల్లా నాకే నవ్వొచ్చింది.

"సింహం" జుట్టున్నోళ్ళకు ఇస్తాం. బట్టతలకు సింహం పెడితే జనం ఒప్పుకోరు.

"వీరుడు" అనేది ఆ మనిషి పేరు మరిచిపోయినప్పుడు. "ధీరుడు" అనేది ఓడిపోయినోడికి. "ధీరంగా పోరాడిన" అని నేను మొదలుపెట్టినానంటే వాని వీపంతా మట్టి అని అర్థం. "సాహసి" తనకంటే రెట్టింపు మనిషితో కలబడినోడికి. సాహసి సాధారణంగా మంచం మీద ఇంటికి పోతాడు. "పరాక్రమం" సెట్టిగారికి ఇష్టం. నాకు కష్టం. ఆ మాట మధ్యకు వచ్చేసరికి నోరు ఎండిపోతాది, చివరకు ఏదో దగ్గు వచ్చినట్టు వినపడుతాది.

"దమ్ము" మా ఆదోని బజారు మాట. అది నిజమైన సరుకు. ఊపిరుంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. అందుకే సెట్టిగారు దాన్ని వాడనిచ్చేవాడు కాదు. "బీడీలు తాగేటోళ్ళ మాట అది, పరాక్రమం అను" అంటాడు.

తర్వాత "తెగువ", "తెంపరితనం", "దుడుకు", "మొండి." ఈ నాలుగూ ఒకే పనికి నాలుగు పేర్లు. గెలిస్తే తెగువ. ఓడితే తెంపరితనం. చూసినామె వాళ్ళమ్మ అయితే దుడుకు. పెండ్లామైతే మొండి. అందుకని కుస్తీ అయ్యేదాకా ఏ మాటా గట్టిగా పట్టుకోవద్దు. నాలుగూ నాలిక కింద పెట్టుకొని నిలబడండి, ఎవడి వీపు మట్టికి అంటుకుంటాదో చూసి ఒకటి బయటికి తియ్యండి.

చివరిది "నిబ్బరం." మంచి మాట, కానీ గొట్టానికి పనికిరాదు. "నిబ్బరం గల ఈరన్న" అని అరిచి చూసినాను ఒకసారి. ఒక్క విజిలు పడలేదు. ఒక ముసలాయన మాత్రం "ఏమి, జొరమొచ్చిందా వానికి?" అని అడిగినాడు. అప్పటినుంచి దాన్ని మూట అడుగున పడేసినా.

ఈరన్న

ఆ ఈరన్న గురించే చెప్పబోతాండా.

ఈరన్న పత్తి మిల్లులో హమాలీ. బేలు ఎత్తే పని. బేలంటే ఏదో దిండు అనుకోవద్దు, ఇనప పట్టీలు బిగించిన పత్తి. ఇద్దరు మనుషులు కలిసి మూలుగుతా ఎత్తేదాన్ని ఈరన్న మూలగకుండా ఎత్తుతాడు. కింద కూర్చొని, భుజం లోపలికి దూర్చి, నడుం వంచకుండా లేస్తాడు. లేచినాక నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడో ఎవరికీ తెలీదు.

కుస్తీల్లో ఆఖరున దిగే పెద్ద జోడీలో గెలిచినోడికి సెట్టిగారు వెండి కడెం పెడతాడు. అంతకుముందు ఒకే ఒకసారి చిన్న జోడీలో దిగిన ఈరన్న, ఆ ఏడాది పెద్ద జోడీకి పేరిచ్చినాడు. నాకు ఆశ్చర్యం. ఎవడైనా గట్టిగా మాట్లాడితే పక్కకు తప్పుకొనే మనిషి. మిల్లు గేటు పక్కన జొన్నరొట్టె తింటాంటే పోయి అడిగినా.

"ఏమప్పా ఈరన్నా, ఉన్నట్టుండి కడెం మీద పడినావు?"

"మా మామ సెప్పినాడన్నా."

"ఏ మామ?"

"ఆస్పరి తిక్కప్ప మామ. మాయమ్మ తమ్ముడు. ఆయప్పకు ఒక కూతురుండాది. సుంకమ్మ."

"ఆ."

"ఆ." అంతే, రొట్టె నమలడం మొదలుపెట్టినాడు. మిగతా కథ నేను పీక్కోవాల్సి వచ్చింది.

తిక్కప్ప వయసులో ఉన్నప్పుడు పెద్ద పైల్వాను. ఆదోనిలో వెండి కడెం గెలిచినాడు. ఆ కడెం ఇంకా చేతికే ఉంది, ఊడదు, చెయ్యి లావైపోయింది. ఈరన్న పిల్లనడిగితే, "నువ్వు మంచోడివే రా, కానీ పిరికోడివి. మా ఇంటికి కడెం తెచ్చినోడికే పిల్లనిస్తా" అన్నాడంట. సుంకమ్మకు ఈరన్నంటే ఇష్టమే. మాటలో మాట, ఇంకొక సంబంధం దేవనకొండ నుంచి వచ్చి ఉంది. వాళ్ళు కుస్తీలయ్యేదాకా ఆగుతామన్నారు.

అంటే ఈ కుస్తీల్లో ఈరన్న కడెం గెలవాల. లేకుంటే సుంకమ్మ దేవనకొండకు పోతాది. సంగతి ఇంత తేలిక.

నేను చేసిన మంచిపని

పాపం ఈరన్న అని నేనూ, ఆదోని పరువు అని సెట్టిగారూ కలిసి ఆ ఏడాది చాటింపు ఘనంగా తయారుచేసినాం. సెట్టిగారు దివాను మీద కూర్చొని చెప్తాంటే నేను నోటికి పట్టుకున్నా. "ఆదోని పులి, బేళ్ళ భీముడు, పరాక్రమ పర్వతం, మదించిన ఎద్దును కొమ్ములు పట్టి కూర్చోబెట్టిన మొనగాడు, ఈరన్న! దమ్ముంటే రండి!" దమ్మును మాత్రం బతిమాలి చివర పెట్టించుకున్నా.

ఎద్దు కూర్చున్నది నిజమే. దానికి కాలు నొప్పి. కొమ్ములు పట్టుకున్నది కూడా నిజమే. దాన్ని లేపడానికి.

ఎమ్మిగనూరులో అరిచినా, దేవనకొండలో అరిచినా, మధ్యలో కనపడిన ప్రతి పల్లెలో అరిచినా. ఆ ఏడాది నా గొంతు ఎంత బాగుందంటే మేకలు కూడా మేత ఆపి విన్నాయి. జనం నోళ్ళు తెరిచినారు. ఆడోళ్ళు "అబ్బో" అన్నారు. నా జన్మలో అంత మంచి చాటింపు చెయ్యలేదు.

ఫలితం ఏమంటే, ఈరన్నతో కుస్తీకి ఒక్కడు కూడా పేరివ్వలేదు.

ఎమ్మిగనూరులో కాసీం అని నేత మనిషి ఉన్నాడు. పగలు మగ్గం, సాయంత్రం గోదా. ప్రతి ఏడూ ఆయనే మాకు పెద్ద జోడీ. ఇంటికి పోయి అడిగితే మగ్గం గుంతలో నుంచి లేవను కూడా లేవలేదు.

"భాయ్, నాకు పెండ్లాముంది, ఇద్దరు బిడ్డలుండారు. ఎద్దుని కూసోబెట్టినోడి దగ్గర నాకేం పని?"

"ఎద్దుకు కాలు నొప్పి భాయ్."

"ఆ ముక్క ఊరంతా అరిచినప్పుడు సెప్పాల గదా. ఇప్పుడు సెవిలో సెప్తే ఎట్ల నమ్మేది?"

ఇక్కడ మీకు ఆచారం తెలియాల. మా కుస్తీల్లో జోడీ లేకుండా కడెం ఇవ్వరు. ఎదురుగా మనిషి దిగాల, ఎవడిదో ఒకడి వీపు మట్టికంటాల, లేదా ఎవడో ఒకడు గోదా దాటి బయట కాలు పెట్టాల. వాడు ఓడినట్టు. ఎదుటి మనిషి లేకుంటే కడెం మళ్ళీ సెట్టిగారి పెట్టెలోకి పోతాది. మేము పొగిడి పొగిడి ఈరన్న నోటి దగ్గర కూడు తీసేసినామన్నమాట.

దావీదన్న తప్పెట కింద పెట్టి, "బాగా అరిచినావు రా మద్దీ. దేవనకొండ పెండ్లికి కూడా నువ్వే అరుద్దువులే" అన్నాడు.

తిరుగు చాటింపు

సెట్టిగారికి సుంకమ్మ సంగతి పట్టదు. కానీ కుర్చీలు చెప్పినారు, పందిరి వేస్తాండారు, పెద్ద జోడీ లేకుంటే పత్తి మార్కెట్టులో మిగతా వ్యాపారులు నవ్వుతారు. రుమాలు నమిలి నమిలి ఒక ఉపాయం చెప్పినాడు.

"పోయి మళ్ళా చాటు. ఈరన్న పిరికోడని చెప్పు. ఉత్త డొల్ల అని చెప్పు. అప్పుడు వస్తారు జనం."

"సెట్టిగారూ, మొన్న పులి అన్నాం."

"పులికి జబ్బు చేసిందని చెప్పు."

పెద్దల మాట వినాల అని మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేనేమంటానంటే, వినండి, కానీ ఎవరి గురించి అరవమంటాండారో ఆ మనిషిని ముందు ఒక మాట అడగండి. నేను అడిగినా. మళ్ళీ మిల్లు గేటు, మళ్ళీ జొన్నరొట్టె.

"ఈరన్నా, నీ గురించి పిరికోడని ఊరూరా అరవమంటాండాడు సెట్టి."

కాసేపు నమిలినాడు.

"అరిస్తే జోడీ వస్తాడా?"

"రావొచ్చు."

"అట్లయితే అరువు."

"నీకు నామోషీ కాదా?"

"అబద్ధమేం కాదు గదన్నా. నాకు మా మామంటే భయమే. కుక్కలన్నా భయమే. రొట్టె తింటావా?"

సగం రొట్టె తుంచి ఇచ్చినాడు. నేను తిన్నా. తన మీద తాలూకా అంతా నవ్వబోతాంటే పచ్చి మిరపకాయ కొరుక్కొని తినే మనిషిని ఏమంటారో, ఆ మాట మూట అడుగున పడి ఉందని నాకు అప్పుడు తోచలేదు. రొట్టె మాత్రం బాగుంది.

పోయినాం. "పిరికిపంద ఈరన్న, పత్తి మూట ఈరన్న, కుక్కను చూసి చెట్టెక్కే ఈరన్న! ఒక్క తోపుకు పడిపోతాడు, రండి!" ఎమ్మిగనూరు నేత వీధిలో అరిచి ఆగినా. చప్పుడు లేదు. కాసీం గుమ్మంలోకి వచ్చి నిలబడినాడు.

"మొన్న పులి. ఈ దినం పిల్లి. మమ్మల్ని ఎర్రోళ్ళనుకున్నారా భాయ్? గుంత తవ్వి పైన గడ్డి పరుస్తాండారు మీరు. మొన్న నాకు ఉత్త భయముండె. ఇప్పుడు ఖాయంగా భయముండాది."

వీధంతా తలలూపింది. దేవనకొండలోనూ అదే. ధైర్యం గురించి నువ్వు అబద్ధం చెప్తే జనం నమ్ముతారు పిల్లకాయలారా. పిరికితనం గురించి నిజం చెప్తే ఒక్కడూ నమ్మడు.

ఒక్కడు నమ్మినాడు. ఆస్పరిలో.

ఆస్పరి సింహం

ఆస్పరిలో నేను "పిరికిపంద" అని మొదలుపెట్టినానో లేదో, ఒక అరుగు మీద నుంచి కేక.

"రేయ్ గొట్టమోడా! ఎవుర్ని అంటాండావు?"

పెద్ద మీసాలు, పెద్ద పొట్ట, లావు చేతికి బిగుసుకుపోయిన వెండి కడెం. తిక్కప్ప అని ఎవరూ చెప్పక్కర్లేదు. అరుగు మీద నుంచి లేచేదానికి గోడ పట్టుకున్నాడు, నడుం పట్టుకున్నాడు, తర్వాత మీసం పట్టుకున్నాడు.

"మీ మేనల్లుడినే పెద్దాయనా. పిరికోడని మీరే అన్నారంట గదా."

"నేనంటా. నేను వాని మామను. నువ్వెవుడివి అనేదానికి? మా అక్క కొడుకును ఊరూరా పిరికోడంటావా?"

"జోడీ దొరకలేదప్పా. అందుకని."

"జోడీ దొరకలేదా?" తిక్కప్ప చుట్టూ చూసినాడు. "ఇంత పెద్ద తాలూకాలో ఒక్క మొగోడు లేడా? నేను వస్తా!"

దావీదన్న తప్పెట తనంతట తనే ఆగిపోయింది.

ఇంట్లో నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేట చేతిలో ఉంది, జొన్నలు చెరుగుతా మధ్యలో వచ్చినట్టుంది. సుంకమ్మ.

"నాయనా, నిన్న బిందె ఎత్తి సాయంత్రం దాకా వంగే తిరిగినావు. కుస్తీకి పోతావా?"

"అది బిందె. ఇది కుస్తీ. దేని పట్టు దానిది."

"ఎదురుగా ఈరన్న బావ."

"అయితే? పిరికోడు గదా. వాడు నన్ను తాకుతాడా?"

సుంకమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, నీ గొట్టం బాగా పలుకుతాది. మా నాయన గెలిస్తే నా పెండ్లి దేవనకొండలో. మా నాయన ఓడితే ఈ ఇంట్లో బావ పేరే ఎత్తనీడు. ఇట్ల చూసినా అట్ల చూసినా నన్ను ముంచినావు. ఇంగ యే ఊరికి పోతాండావు? పో, ఆడ గూడా ఎవురన్నా ఉంటారు ముంచేదానికి."

చేట దులుపుకుంటా లోపలికి పోయింది. నా మీద అంత పొట్టు పడింది.

తిక్కప్పకు ఇవేవీ వినపడలేదు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నన్నేమని కేకేస్తావు?" అన్నాడు.

"అలనాటి వీరుడు తిక్కప్ప అని."

"అలనాటి వద్దు."

"పెద్దపులి?"

"పెద్ద వద్దు. ఒట్టి పులి గూడా వద్దు, సందుకొకటుంటాది." మీసం మెలేసి ఆలోచించినాడు. "ఆస్పరి సింహం అను."

జుట్టు చూసినా. ఉంది. ఒప్పుకున్నా.

గోదా

కుస్తీల రోజు జనం చెట్ల మీద, గోడల మీద, ఒకరి మీద ఒకరు. ఎమ్మిగనూరు నుంచి కాసీం కూడా వచ్చినాడు, చూసేదానికి. చిన్న జోడీలన్నీ అయినాయి. సెట్టిగారి కొత్త రుమాలు కూడా అయిపోయింది. తిక్కప్ప బండి పందిరి బయట వేపచెట్టు కింద ఆగి ఉంది, అందులో సుంకమ్మ కూర్చొని ఉంది. గోదా దగ్గరికి ఆడోళ్ళు రారు. వినపడుతాది, కనపడదు.

మామా అల్లుడూ గోదాలో దిగినారు. ఈరన్న వంగి మట్టికి మొక్కినాడు, తర్వాత మామ కాళ్ళకు మొక్కినాడు. జనం నవ్వినారు. నేను గొట్టమెత్తినా. ఒక పక్క ఆస్పరి సింహం, ఇంకో పక్క ఏమనాలో తెలీదు. పులి అన్నా, పిల్లి అన్నా, రెండూ నేనే. "ఆదోని ఈరన్న" అని ఊరుకున్నా.

తిక్కప్ప వెనక్కి రెండడుగులేసి, గాల్లోకి ఎగిరినట్టు చేసి, వంగి తొడ చరిచినాడు. ఆ చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. జనం హోరెత్తినారు. తిక్కప్ప వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కళ్ళు పెద్దవైనాయి. కదలడంలేదు.

నాకు ఉత్సాహమొచ్చింది. "చూడండి, చూడండి! సింహం పొంచి ఉన్నది! దూకబోతా ఉన్నది!"

దావీదన్న నా పక్కకు వంగినాడు. "పొంచి లేదు రా. ఇరుక్కున్నాది."

సరిగ్గా చూసినా. నిజమే. నడుం పట్టేసింది. మీసాల చివర చెమట బొట్లు. ఆ సంగతి గోదా చుట్టూ మా ఇద్దరికే తెలుసు. గోదా లోపల ఈరన్నకు తెలుసు.

ఈరన్న దగ్గరికి పోయినాడు, పట్టు వేస్తాండాడని జనం అనుకున్నారు. వాళ్ళిద్దరూ గుసగుసలాడుకున్న మాటలు తర్వాత ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పినారు, రెండూ కలిసినాయి కాబట్టి నమ్ముతాండా.

"రేయ్ ఈరా. కదలేకుండా ఉండా."

"తెలుస్తాంది మామా."

"తోసెయ్. ఒక్క ఏలితో తోసెయ్, పడిపోతా. ఇంత మంది ముందర వంగి నిలబడేదానికంటే వీపు మట్టికంటేదే మేలు."

"పడితే నడుం ఇరుగుతాది మామా."

"కడెం వస్తాది గదరా నీకు!"

అది నిజం. ఒక్క వేలు. కడెం, సుంకమ్మ, పరాక్రమ పర్వతం, అన్నీ ఒక్క వేలి దూరంలో ఉండాయి. జనం "తోయ్! పట్టు! పడెయ్!" అని అరుస్తాండారు. సెట్టిగారు కుర్చీ ఎక్కినాడు. ఈరన్న ఊరికే నిలబడి మామ నడుం చూస్తాండాడు, బేలు ఎత్తే ముందు దాన్ని ఎట్ల చూస్తాడో అట్లనే. ఎవరో "పిరికోడా!" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టింది నేనే.

ఈరన్న కింద కూర్చున్నాడు. భుజం మామ పొట్ట కిందికి దూర్చినాడు. నడుం వంచకుండా, మూలగకుండా లేచినాడు. తిక్కప్ప వంగినవాడు వంగినట్టే భుజమ్మీదికి వచ్చేసినాడు, తల ఒక పక్క, కాళ్ళు ఒక పక్క. ఈరన్న నవ్వినాడు. గోదా దాటి బయటికి అడుగేసినాడు.

చెట్ల మీదోళ్ళు కొమ్మలు పట్టుకొని ముందుకు వంగినారు.

సెట్టిగారు కుర్చీ మీద నుంచే, "మద్దీ! ఏదో ఒకటి అను!" అన్నాడు.

భుజమ్మీద నుంచి తలకిందులుగా తిక్కప్ప, "సింహమనే అను!" అన్నాడు.

నా మూటంతా వెతికినా. శౌర్యం, సాహసం, తెగువ, అన్నీ చేతికొచ్చినాయి, ఒక్కటీ సరిపోలేదు. చిట్టచివర అడుగున నిబ్బరం తగిలింది. దాన్ని దులిపి పైకి తీసేలోపల ఈరన్న నా ముందుకే వచ్చేసినాడు. ఎదురుగా గోడలాగా జనం. గొట్టం నోటికి పెట్టుకొని అరిచినా:

"దారి ఇడవండప్పా! దారి!"

ఇన్నేండ్లు నేను అరిచిన మాటలకు జనం విజిళ్ళు వేసినారు, నవ్వినారు, మరిచిపోయినారు. అరిచింది అరిచినట్టు చేసింది ఆ ఒక్కసారే. దారి ఇడిసినారు. కాసీం అయితే తలగుడ్డ తీసి పక్కకు జరిగినాడు.

తీర్పు

నేనూ దావీదన్నా వెనకే పోయినాం. వేపచెట్టు కింద బండిలో నుంచి సుంకమ్మ దిగింది. తండ్రి తలకిందులుగా వస్తాండాడు.

"ఏమి నాయనా, గెలిచినావా?"

"గెలిచినా!"

"మరి మూట మాదిరి వస్తాండావే?"

"ఊరేగిస్తాండారు."

అప్పుడే గోదా పెద్దమనిషి, కుస్తీలు తీర్చే ముసలి వస్తాదు, సెట్టిగారితో కలిసి ఆయాసపడుతా వచ్చినాడు. చేతిలో వెండి కడెం. వస్తాదు తీర్పు చెప్తే సెట్టిగారు కూడా మారు మాట్లాడడు.

"గోదా బయట కాలు పెట్టినోడు ఓడినట్టు," అన్నాడు వస్తాదు. "కాలు పెట్టింది ఈరన్న. తిక్కప్ప కాలు యాడా నేలకు తగల్లేదు, ఇప్పటికీ తగల్లేదు. కడెం తిక్కప్పది."

తిక్కప్ప తలకిందులుగానే చెయ్యి చాపినాడు. ఒక చేతికి పాత కడెం ఉంది కాబట్టి రెండో చేతికి ఎక్కించినారు. అది కూడా బిగుసుకుంది. సెట్టిగారు ఏడవాలో నవ్వాలో తెలీక రుమాలు కోసం వెతుక్కున్నాడు.

ఈరన్న మొహంలో నవ్వు పోయింది. బండి పక్కన నిలబడి, "దించాల్నా మామా?" అన్నాడు.

"దించొద్దు రా! దించితే ఇరుగుతాది. బండి కుదుపుకు గూడా ఇరుగుతాది. ఇట్లనే పోదాం."

"ఆస్పరికా?"

"ఇంగెవుని ఇంటికి?"

ఆదోని నుంచి ఆస్పరికి ఎంత దూరమో తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక నిమిషం ఆగి దండం పెట్టుకోవచ్చు. మధ్యమధ్యలో గడ్డివాము దగ్గర ఆనించి, మళ్ళీ ఎత్తి, ఈరన్న నడిచినాడు. బండిలో సుంకమ్మ, దావీదన్న, నేను. మనిషి నడుస్తాంటే మేము బండిలో కూర్చున్నాం. ధైర్యానికి, పక్కన అరిచేదానికి ఉండే తేడా ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

సగం దూరంలో తిక్కప్ప అడిగినాడు. "రేయ్, నన్ను తోసెయ్యలేదే? భయమా?"

"ఊ."

"నాకు భయపడినావా?"

"నీకు గాదు మామా. సుంకమ్మ తిడతాదని."

తిక్కప్ప భుజమ్మీదే మీసం తుడుచుకున్నాడు. తర్వాత, "వాళ్ళమ్మ గూడా ఇంతే," అన్నాడు.

ఇంటి ముందర అరుగు మీద బోర్లా పడుకోబెట్టినారు. ఈరన్న చెమట తుడుచుకొని, "పోయొస్తా మామా," అన్నాడు. కడెం పోయింది, పిల్ల పోయింది, మనిషి పోతాండాడు. అప్పుడు సుంకమ్మ నీళ్ళ చెంబు తెచ్చి అతని చేతిలో పెట్టి, తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, ఇంటికి కడెం తెచ్చినోడికే పిల్లనిస్తానంటివి గదా."

"అంటి. అయితే?"

"నీ చేతికుండాది ఏంది?"

తిక్కప్ప మెడ తిప్పి కొత్త కడెం చూసుకున్నాడు.

"ఇంటికి తెచ్చింది ఎవురు? నువ్వు నడిచొచ్చినావా? కడేన్నీ, కడెంతో పాటు నిన్నూ, రెండూ ఎత్తుకొని తెచ్చినాడు."

దావీదన్న ఎవరూ అడగకుండానే తప్పెట మీద ఒక దెబ్బ వేసినాడు. తిక్కప్ప అరుగు మీద మొహం పెట్టుకొని, "దేవనకొండోళ్ళకు కబురు పంపండి" అన్నాడు.

మైకు పట్టుకునేవాళ్ళకు

మీ మైకు నా గొట్టం కంటే దూరం పోతాది. అంటే మీ అబద్ధం కూడా అంత దూరం పోతాది, అది గుర్తు పెట్టుకోండి. పులులను తక్కువ వాడండి. దమ్మును దాచిపెట్టుకోండి. నిబ్బరం మీ మైకులో పలుకుతాదేమో ఒకసారి పరీక్ష చెయ్యండి, నా గొట్టంలో మాత్రం పలకలేదు.

ఈరన్న, సుంకమ్మల పెండ్లిలో చాటింపు నాదే. తిక్కప్ప రెండు చేతులకూ రెండు కడేలతో నా పక్కనే నిలబడి, మోచేత్తో పొడిచినాడు. "ముందు నన్ను కేకెయ్." గొట్టం ఎత్తి, గొంతు సవరించుకొని, "ఆస్పరి సింహం, రెండు కడేల మొనగాడు, తిక్కప్ప!" అని అరిచినా. జనం విజిళ్ళు వేసినారు. తిక్కప్పకు ఆవేశమొచ్చి పంచె ఎగ్గట్టి, తొడ మీదికి చెయ్యి ఎత్తినాడు.

పెండ్లి పీటల మీద నుంచి సుంకమ్మ కేక నా గొట్టం కంటే గట్టిగా వినపడింది.

"వంగొద్దు నాయనా!"